రోళ్ళు పగిలే ఎండకీ, ముంచెత్తే వానకీ మధ్య మన ఇంటి పచ్చిక



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన అమ్మమ్మలు, నానమ్మలు అంటూ ఉంటారు. అనంతపురంలోనో, నెల్లూరులోనో వేసవి గడిపినవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ మన బెంగళూరులో అదే రోహిణి కార్తెలో, 2024 జూన్ 2న, ఒక్క రోజులో 111 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఈ ఊళ్ళో జూన్ నెలలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు 133 ఏళ్ళలో నమోదు కాలేదు. చిత్రం ఏమిటంటే, అదే ఏడాది మార్చిలో బోర్లు ఎండిపోయి, బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డాం. ఏప్రిల్ నెలంతా నగర వాతావరణ కేంద్రంలో కొలవదగ్గ వాన పడనేలేదు.

అంటే ఒకే వేసవిలో కరువూ చూశాం, వరదా చూశాం. ఇంటి ముందు నాలుగు అడుగుల పచ్చిక ఉన్నవాళ్ళకి రెండుసార్లూ చిక్కే. ఎండల్లో నీళ్ళు పోయాలా, మానాలా? వానల్లో బురదైపోతే ఏం చేయాలి? ఈ బాధంతా ఎందుకని చాలామంది గడ్డి పీకించి టైల్స్ వేయించేస్తున్నారు. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒక్కసారి ఈ వ్యాసం చదవండి. పిల్లలు చేయగలిగిన పనులు కూడా చివర్లో ఉన్నాయి.

ముందు ఒక చిన్న లెక్క

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా గుణకారమే.

10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న పచ్చిక అనుకుందాం. అది సుమారు 14 చదరపు మీటర్లు. ఏప్రిల్ ఎండకి గడ్డి నుంచీ, నేల నుంచీ రోజుకి దాదాపు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. అంటే రోజుకి 70 లీటర్లు, నెలకి 2,100 లీటర్లు.

పట్టణాల్లో ఒక మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని మన దేశంలో ప్రమాణంగా పెట్టుకున్నారు. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. పచ్చికను నెలంతా పచ్చగా ఉంచాలంటే ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు వాడుకునే నీళ్ళు దానికి పోయాలన్నమాట. మన కుళాయిలో వచ్చే కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెచ్చినవి. అందుకే 2024 మార్చిలోనూ, మళ్ళీ 2025 ఫిబ్రవరిలోనూ జలమండలి తాగేనీటిని తోటలకి, కార్లు కడగడానికి వాడకూడదని ఆదేశించింది. మీరితే 5,000 రూపాయల జరిమానా అంది. పక్కింటివాళ్ళు ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తుంటే మనం పైపు పట్టుకుని గడ్డి తడపడం జరిమానా లేకపోయినా బాగుండదు కదా.

ఇప్పుడు రెండో వైపు లెక్క చూడండి. ఆ జూన్ 2 వాన అదే పచ్చిక మీద ఒక్క రోజులో 1,550 లీటర్లు పోసింది. వెయ్యి చదరపు అడుగుల కప్పు ఉన్న ఇంటి మీద 10,000 లీటర్లకు పైగా పడింది. కొంత వృథా పోయినా, అది నలుగురున్న కుటుంబానికి రెండు వారాల నీళ్ళు. చాలా ఇళ్ళల్లో అదంతా వీధి కాలువలో కలిసిపోయింది.

ఎండిన గడ్డి చచ్చినట్టేనా?

కాదు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. మన నేలల్లో మామూలుగా పెరిగే గడ్డి గరిక. వినాయక చవితికి పూజలో పెడతామే, అదే. గరికకి నేల లోపల కాడలు పాకుతాయి, పైన కూడా పాకుతూ ప్రతి గణుపు దగ్గరా వేళ్ళు వేస్తుంది. నీళ్ళు లేనప్పుడు ఆకుల్ని ఎండబెట్టుకుని, ప్రాణాన్ని ఆ కాడల్లో దాచుకుంటుంది. పైకి గోధుమ రంగులో గడ్డివాములా కనిపించినా లోపల బతికే ఉంటుంది. వాన పడిన వారం పది రోజుల్లో మళ్ళీ చిగురిస్తుంది.

బతికుందో లేదో తెలుసుకోవడం తేలిక. ఎండిన గడ్డిని గుప్పెడు పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా పట్టుకుని ఉంటే, కుదురు దగ్గర తెల్లగానో లేత పచ్చగానో ఉంటే అది నిద్రలో ఉందని అర్థం. లాగగానే ఊడి చేతికి వచ్చేసి, కుదురు పెళుసుగా విరిగితే అక్కడ పోయినట్టే.

నర్సరీల్లో చాపలుగా అమ్మే వెడల్పాకు కార్పెట్ గడ్డి మాత్రం ఇంత ఓర్పుగలది కాదు. అది నీడనీ, తేమనీ ఇష్టపడుతుంది, ఎండకి త్వరగా పోతుంది. మీ ఇంట్లో అది ఉండి, ఎండ తగిలే చోట ప్రతి ఏడూ పోతూ ఉంటే, మళ్ళీ అదే కొనకుండా ఆ చోట గరిక వేసుకోండి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఎవరి ఇంట్లోనైనా ఉన్న గరిక కాడల్ని జానెడేసి తుంచి, వానలు మొదలయ్యాక నాటితే అల్లుకుపోతుంది.

నీళ్ళ కటకట ఉన్నప్పుడు

నిద్రపోతున్న గరికకి నెలకి 2,100 లీటర్లు అక్కర్లేదు. రెండు వారాలకి ఒకసారి 12 మిల్లీమీటర్ల తడి అందితే ప్రాణం నిలబెట్టుకుంటుంది. మన 14 చదరపు మీటర్లకి అది 168 లీటర్లు. 20 లీటర్ల బకెట్లతో ఎనిమిదిన్నర. పచ్చగా ఉండదు, కానీ బతుకుతుంది. నెలకి ఆరో వంతు నీళ్ళతోనే గండం గట్టెక్కుతుంది.

ఇవి పాటించండి:

1. రోజూ కాస్త కాస్త చిలకరించడం మానండి. పైపైన తడిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి, మర్నాటి ఎండకి మాడిపోతాయి. పోసిన రోజు బాగా పోయండి, మళ్ళీ చాలా రోజులు ఊరుకోండి.

2. తెల్లవారుజామున పోయండి. మధ్యాహ్నం పోస్తే ఎక్కువ ఆవిరైపోతుంది. రాత్రి పోస్తే ఆకు తడిగా ఉండిపోయి బూజు తెగులు పట్టే వీలుంది.

3. గడ్డిని మరీ కురచగా కత్తిరించకండి. ఒకసారికి మూడో వంతు కన్నా ఎక్కువ తీయకూడదు. గడ్డి కాస్త ఎత్తుగా ఉంటే దాని నీడ దాని మొదలుకే పడి నేల చల్లగా ఉంటుంది. కత్తిరించిన ముక్కల్ని ఊడ్చెయ్యకుండా అక్కడే వదిలేయండి.

4. కరువు రోజుల్లో ఎరువు వేయకండి. నిద్రపోయేవాడిని లేపి అన్నం పెట్టకపోతే ఎలా ఉంటుందో అలాగే అవుతుంది. ఎరువు చిగురు తెప్పిస్తుంది, చిగురు నీళ్ళడుగుతుంది.

5. నిద్రలో ఉన్న గడ్డి మీద బండ్లు నిలపకండి, క్రికెట్ ఆడనివ్వకండి. విరిగిన కాడ మళ్ళీ లేవదు.

గడ్డి దాహంగా ఉందో లేదో చూడాలంటే దాని మీద నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూడండి. అడుగు జాడలు అలాగే ఉండిపోతే నీళ్ళు కావాలి. వెంటనే లేచి నిలబడితే ఇంకా ఆగొచ్చు.

ఏ నీళ్ళు పోయాలి?

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిస్సంకోచంగా పోయొచ్చు. వాషింగ్ మెషిన్‌లో చివరిసారి జాడించిన నీళ్ళు పర్వాలేదు. మొదటిసారి సబ్బు నురగతో వచ్చేవి వద్దు. సబ్బులో ఉండే సోడియం మన ఎర్రమట్టిని బిగుసుకుపోయేలా చేస్తుంది, తర్వాత వాన నీరు కూడా దిగదు. ఆర్.ఓ. ఫిల్టర్ నుంచి పారబోసే నీళ్ళల్లో ఉప్పులు ఎక్కువ. వాటిని ఇల్లు తుడవడానికో బాత్రూమ్‌కో వాడుకోండి. పచ్చికకి పోయాల్సి వస్తే మామూలు నీళ్ళతో సగానికి సగం కలిపి, అప్పుడప్పుడు మాత్రమే. నూనె జిడ్డు ఉన్న గిన్నెలు కడిగిన నీళ్ళు అసలు వద్దు, చీమలూ వాసనా తప్పవు.

అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసిన మురుగునీరు తోటకి వాడుతుంటారు. ఆ నీటితో తడిపిన రోజు పిల్లల్ని పచ్చిక ఆరేదాకా ఆడనివ్వకండి, ఆడొచ్చాక చేతులు కడిగించండి.

సెలవులకి ఊరెళ్ళే ముందు

మనలో చాలామంది ఏప్రిల్, మే నెలల్లో చిత్తూరు, హిందూపురం, కర్నూలు వైపు వెళ్ళిపోతాం. ఇల్లు తాళం, పచ్చిక గాలికి. వెళ్ళే ముందు రోజు ఒక్కసారి బాగా తడపండి. గడ్డి కత్తిరించకుండా వదిలేయండి. కుండీలన్నీ నీడకి చేర్చండి. డాబా మీద నీళ్ళు పోయే గొట్టాల మూతుల దగ్గర ఎండుటాకులు తీసేయండి. ఇది మర్చిపోవద్దు. మనం లేనప్పుడే మేలో పిడుగుల వాన వస్తుంది, గొట్టం మూసుకుపోతే డాబా చెరువై, గోడలు నాని, తిరిగొచ్చేసరికి పెచ్చులు ఊడుతుంటాయి. పక్కింటివాళ్ళకి ఒక మాట చెప్పి వెళ్ళండి.

పెద్ద వాన రాకముందే

ఎండిన నేల దాహంగా ఉంటుంది కాబట్టి ఎంత వానైనా తాగేస్తుందనుకుంటాం. జరిగేది వేరు. ఎర్రమట్టి మీద వాన చినుకు బలంగా పడితే మట్టి గడ్డలు చితికి, సన్నటి పొడి నేల రంధ్రాల్ని మూసేస్తుంది. పైన పెంకులాంటి పొర తయారవుతుంది. దాంతో గంటసేపు కుండపోతగా కురిసినా నీళ్ళు లోపలికి దిగక, పైపైనే జారి వీధిలోకి పోతాయి. గడ్డి ఉన్నచోట చినుకు ముందు ఆకు మీద పడి, వేగం తగ్గి, మెల్లగా నేలకి దిగుతుంది. అందుకే చెబుతున్నది, గోధుమ రంగు గడ్డి కూడా పనికొచ్చేదే, పీకేయొద్దని.

మేలో మొదటి చిన్న జల్లు పడ్డాక, నేల మరీ గట్టిగానూ మరీ బురదగానూ లేనప్పుడు, ఒక ఇనుప కడ్డీతో జానెడుకొకటి చొప్పున నాలుగు వేళ్ళ లోతు రంధ్రాలు పొడవండి. జల్లించిన కంపోస్టు పలుచగా చల్లి చీపురుతో రంధ్రాల్లోకి తోయండి. ఆదివారం ఒక పూట పని. ఇంటిల్లిపాదీ చేస్తే గంటన్నర. ఆ తర్వాత వచ్చే వాన ఎంత తేడాగా ఇంకుతుందో మీరే చూస్తారు.

నేల వాలు కూడా చూసుకోండి. గోడ నుంచి బయటికి మీటరుకి రెండు సెంటీమీటర్ల వాలు ఉంటే చాలు, నీళ్ళు పునాదిలోకి రావు. డాబా గొట్టం నేరుగా పచ్చిక మీద పడితే గొయ్యి పడుతుంది, కింద ఒక చప్టా రాయి పెట్టండి.

భారీ వాన వస్తుందని హెచ్చరిక ఉన్నప్పుడు యూరియా లాంటివి చల్లకండి. డబ్బుతో సహా కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి పోతాయి. ఉరుములు వినిపిస్తే పిల్లల్ని లోపలికి పిలవండి, చెట్టు కింద నిలబడనివ్వొద్దు. బయట ఉన్న మోటారు స్విచ్, తడిసిన వైర్ల జోలికి పోవద్దు.

వాన వెలిశాక

- నీళ్ళు నిలిచిన పచ్చిక మీద నడవకండి. తడి మట్టిని తొక్కితే బిగుసుకుపోయి వేళ్ళకి గాలి అందదు. కాలు దిగబడకుండా ఉన్నప్పుడే అడుగుపెట్టండి.

- ఒకటి రెండు రోజులు నీళ్ళల్లో ఉన్నా గరిక తట్టుకుంటుంది. ఒక రోజు దాటాక కూడా నీళ్ళు నిలిచే పల్లాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆరాక మట్టీ కంపోస్టూ కలిపి, ఒకసారికి సెంటీమీటరు మించకుండా, గడ్డి కొసలు కనిపించేలా నింపుకుంటూ రండి.

- రాజకాలువె పొంగి ఆ నీళ్ళు లోపలికి వచ్చి ఉంటే అది మురుగే అనుకోండి. పిల్లల్ని కొన్ని రోజులు అటు పంపొద్దు. చెప్పులు, గ్లౌజులు వేసుకుని చెత్త తీసేయండి, పేరుకున్న ఒండ్రును ఆరాక గీరి తీసేయండి, ఎండ తగలనివ్వండి.

- వారం తర్వాత గడ్డి పసుపు పచ్చగా కనిపిస్తే భయపడకండి. నేలలోని నత్రజని నీళ్ళతో కొట్టుకుపోయింది. నేల ఆరాక వర్మీ కంపోస్టు పలుచగా చల్లితే కోలుకుంటుంది.

- పుట్టగొడుగులు వస్తాయి. గడ్డికి హాని లేదు. కానీ చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా ముందే తీసేయండి.

- వానతో పాటు తుంగ, వయ్యారిభామ లేస్తాయి. వయ్యారిభామను పూత రాకముందే, గ్లౌజులు వేసుకుని వేళ్ళతో పీకేయండి. దాని పుప్పొడి చాలామందికి తుమ్ములు, ఆయాసం, చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. తుంగకి కింద గడ్డలుంటాయి. పైన తుంచితే లాభం లేదు, తవ్వి గడ్డతో సహా తీయాలి.

- అన్నిటికన్నా ముఖ్యం దోమలు. డెంగ్యూ దోమ మంచినీళ్ళల్లోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎనిమిది పది రోజులు చాలు. కుండీ కింద పళ్ళెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, విరిగిన బొమ్మ వారానికొకసారి బోర్లించితే ఆ గొలుసు తెగిపోతుంది. ఇది పచ్చిక లేనివాళ్ళకి కూడా వర్తిస్తుంది.

కప్పు మీది నీళ్ళు, నేలలోని బావి

ఎండకీ వానకీ రెండింటికీ ఒకే మందు ఉంది. వానలో ఎక్కువైన నీళ్ళని కరువుకి దాచుకోవడం. 2009లో జలమండలి చట్టానికి చేసిన సవరణతో బెంగళూరులో పెద్ద సైట్లలో ఉన్న ఇళ్ళకీ, 30×40 సైటు నుంచి కొత్తగా కట్టే ఇళ్ళకీ వాననీటి సేకరణ తప్పనిసరి అయింది. ఎలా చేయాలో కళ్ళారా చూడాలంటే జయనగర్ 5వ బ్లాకులో సర్ ఎం. విశ్వేశ్వరయ్య పేరుతో వాననీటి సేకరణ పార్కు ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళండి, నమూనాలు బాగా అర్థమవుతాయి.

పద్ధతి కష్టమైంది కాదు. డాబా శుభ్రంగా ఉంచాలి. మొదటి వాన నీళ్ళు, దుమ్మూ పిట్టల రెట్టలూ ఉంటాయి కాబట్టి, బయటికి వదిలేయాలి. తర్వాతవి జల్లెడ గుండా సంపులోకి పంపాలి. సంపు నిండాక మిగిలినవి ఇంకుడు బావిలోకి. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న ఇంకుడు బావిలో ఒకసారికి సుమారు 4,000 లీటర్లు పడతాయి, ఇంకిపోతూ ఉంటే మళ్ళీ చోటు వస్తుంది. సెప్టిక్ ట్యాంకుకీ, పునాదికీ దూరంగా తవ్వించాలి. మూత గట్టిగా, పిల్లలు ఎత్తలేనిదిగా ఉండాలి. మురుగు నీళ్ళు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అందులోకి పోకూడదు.

ఇక్కడ మన పిల్లలకి తెలియాల్సిన విషయం ఒకటుంది. ఈ ఊరి చుట్టుపక్కల తరతరాలుగా బావులు తవ్వుతున్నవాళ్ళు మన్ను వడ్డర్లు. వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడే భాష తెలుగుకి చాలా దగ్గరిది. బోర్లు వచ్చాక వాళ్ళ పని తగ్గిపోయింది. ఇప్పుడు ఇంకుడు బావుల వల్ల మళ్ళీ పిలుపు వస్తోంది. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావుల్ని బాగుచేయడంలోనూ వాళ్ళ చేయి ఉంది. ఎక్కడ తవ్వితే నీళ్ళు దిగుతాయో మట్టి చూసి చెప్పగల అనుభవం వాళ్ళది. మీ ఇంట్లో బావి తవ్వించేటప్పుడు వాళ్ళతో మాట్లాడండి. మన మాటలు ఎన్ని వాళ్ళ మాటల్లో వినిపిస్తాయో పిల్లల్నే గమనించమనండి.

విద్యార్థులకు ఇంటి పని

పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకోండి. పెద్దవాళ్ళ చేత మెడ కోయించి, ఆ మెడని తలకిందులుగా గరాటులా సీసాలో పెట్టండి. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్ళు, కొంచెం నీళ్ళు పోసి, నీళ్ళ మట్టం దగ్గర సున్నా గీత గీయండి. అక్కణ్ణుంచి పైకి స్కేలు అతికించండి. చెట్టుకీ గోడకీ దూరంగా, పడిపోకుండా పెట్టండి. రోజూ పొద్దున 8.30కి చూసి పుస్తకంలో రాసుకోండి. వాతావరణ శాఖవాళ్ళు కూడా ఆ సమయానికే కొలుస్తారు. రాసుకున్నాక మళ్ళీ సున్నా గీత దగ్గరికి తెచ్చి పెట్టండి, వారానికోసారి ఖాళీ చేసి కడగండి. లేకపోతే మనమే దోమల్ని పెంచినట్టవుతుంది.

ఆ అంకెను మీ డాబా చదరపు మీటర్లతో గుణించండి. ఎన్ని లీటర్లు వచ్చాయో, అందులో ఎన్ని సంపులోకి వెళ్ళాయో ఇంట్లో అడగండి. జవాబు రాకపోతే అడగడం మానకండి.

చివరిగా

పచ్చిక ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నీళ్ళు లేని నెలల్లో అది పచ్చగా ఉండాలని పట్టుబట్టకండి. ఎండిందని సిమెంటు వేయకండి. గడ్డి ఉన్న నేల వాన నీటిని తాగుతుంది, సిమెంటు నేల దాన్ని పల్లంలో ఉన్న ఇంటివాళ్ళ మీదికి తోస్తుంది. స్థలం మొత్తం పచ్చిక అక్కర్లేదు. పిల్లలు ఆడుకునేంత గరిక ఉంచి, మిగతా చోట కరివేపాకు, నిమ్మ, మునగ లాంటివి వేసుకుంటే నీళ్ళూ తక్కువే పడతాయి, వంటింటికీ పనికొస్తాయి.

వచ్చే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయో, వీధులు మునుగుతాయో ఎవరం చెప్పలేం. రెండింటికీ సిద్ధంగా ఉండడమే మన చేతుల్లో ఉన్న పని. డాబా మీది ఆకులు ఈ ఆదివారమే తీసేయండి.